జాగిలం గొలుసు కుర్రాళ్ల చేతికివ్వండి

పాడేరు, చింతపల్లి ఘాట్లు దిగి వచ్చే గంజాయికి విశాఖ ఒక మజిలీ. ఇక్కడ రైలెక్కితే రాష్ట్రాలు దాటేస్తుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట పోలీసులు మన్యంలో గంజాయి తోటలు నరికించారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మత్తుపదార్థాల కట్టడికి ఈగల్ విభాగాన్ని ఏర్పాటు చేసింది. సమాచారం ఉంటే 1972కు ఫోన్ చేయమంది. సోదాల్లో పోలీసు జాగిలాలూ పాల్గొంటున్నాయి. అదంతా జరగాల్సిందే. అయితే సంచీ మోసేవాడూ, సొమ్ము పెట్టినవాడూ చాలాసార్లు ఒకరు కారు. కూలి డబ్బులకు ఆశపడిన కుర్రాడి దగ్గర 20 కిలోలకు మించి సరుకు దొరికితే, నేరం రుజువైతే, కనీస శిక్ష పదేళ్లు. ఆ కుర్రాడు 18 ఏళ్లలోపు వాడైతే చట్టం చూపు మారుతుంది. పిల్లలతో మత్తుపదార్థాలు మోయించినవాడికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేయొచ్చని బాలల న్యాయ చట్టం, 2015లోని 78వ సెక్షన్ చెబుతోంది. మోసిన పిల్లవాణ్ని దారికి తెచ్చే బాధ్యతను అదే చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. ఈ రెండో పనిని మనదగ్గర ఉపన్యాసాలతో సరిపెట్టేస్తున్నారు.

ఉపన్యాసాల సంగతి అమెరికా ఎప్పుడో తేల్చుకుంది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ అనే మత్తు వ్యతిరేక కార్యక్రమంలో యూనిఫాం వేసుకున్న పోలీసులే తరగతి గదుల్లో పాఠాలు చెప్పారు. ఏళ్ల తరబడి పరిశీలించిన వారికి పిల్లల అలవాట్లలో నిలిచే మార్పు కనిపించలేదు. ఇక సభలు మాని జాగిలాలతో హాస్టళ్లు గాలిద్దామనే వారికీ ఒక హెచ్చరిక ఉంది. 2011లో కాలిఫోర్నియా పరిశోధకులు 18 జాగిలాలను, వాటి హ్యాండ్లర్లను మత్తుపదార్థం చుక్కైనా లేని గదుల్లోకి పంపారు. సరుకు ఫలానా చోట ఉందని హ్యాండ్లర్లను ముందే నమ్మించారు. ఎక్కువ సోదాల్లో జాగిలం సరుకు పట్టేసిందనే వాళ్లు చెప్పారు. మనిషి మనసులో అనుమానం ఉంటే కుక్క ముక్కూ అటే తిరగొచ్చన్నమాట. ఇప్పటికే పోలీసుల చూపు పడ్డ పేటల కుర్రాళ్ల మీదికి జాగిలాలను వదిలితే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

అందుకే మా సూచన వేరు. విధుల నుంచి విరమించిన పోలీసు జాగిలాల సంరక్షణలో పరిశీలన గృహాల పిల్లలకు, మత్తు మానే చికిత్సలో ఉన్న యువకులకు భాగం కల్పించాలి. అమెరికాలోని ఒరెగాన్‌లో మెక్‌లారెన్ బాల నేరస్థుల కేంద్రం 1993 నుంచి ఇలాంటి బాటలోనే నడిచింది. యజమానులు వదిలేసిన కుక్కలను అక్కడి పిల్లలే సాకి, మాట వినడం నేర్పి, కొత్త ఇళ్లకు పంపారు. ఇందులో ఏ మాయా లేదు. కొడితే కుక్క నేర్చుకోదు. చెప్పిన మాటే ఓపిగ్గా మళ్లీ మళ్లీ చెప్పాలి. వేళకు తిండి పెట్టాలి, మర్నాడూ రావాలి. కుర్రాడి మీద ఏ కేసుందో కుక్క అడగదు. ఇలాంటి కార్యక్రమాలపై అధ్యయనాలు చిన్న బృందాల మీద జరిగినవేనన్నది నిజం. కాబట్టి గొప్పలు పోనక్కర్లేదు. మొదలుపెట్టడానికి మాత్రం ఈ ఆధారం చాలు.

డీఅడిక్షన్ పడకలకే దిక్కులేనప్పుడు కుక్కల మీద ఖర్చేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చినవాల్తేరు మానసిక వైద్యశాల చేసే పని కుక్క చేయలేదు, చేస్తుందని ఎవరూ అనడం లేదు. కానీ మందు రాసిచ్చాక కుర్రాణ్ని మళ్లీ రప్పించేదేమిటన్నదే అసలు చిక్కు. విరమించిన జాగిలానికి శిక్షణ ఖర్చు ఎప్పుడో అయిపోయింది, మిగిలింది తిండి, వైద్యం. కుక్కకాటు, రేబిస్ భయాలను కొట్టిపారేయలేం. ముఖ్యంగా వీధికుక్కల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఈ రోజుల్లో. టీకాలన్నీ పడిన, పశువైద్యుడు నెమ్మదైనదని తేల్చిన జాగిలాన్నే తీసుకోవాలి. దాడికి తర్ఫీదైనవి వద్దేవద్దు. భయపడే పిల్లవాణ్ని బలవంతపెట్టకూడదు. ముసలి జాగిలానికీ విశ్రాంతి కావాలి గనక దాని పనివేళలకు హద్దుండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటుంది. ఈ కార్యక్రమంలో కుర్రాడు నోరు జారి చెప్పిన మాట కేసు డైరీలోకి ఎక్కకూడదు. హ్యాండ్లర్ యూనిఫాం లేకుండా రావాలి, నిర్వహణ స్త్రీ శిశు సంక్షేమ శాఖ చేతిలో ఉండాలి. సమాచారం రాబట్టే ఎత్తుగడగా దీన్ని వాడుకుంటే మొదలుపెట్టకపోవడమే మేలు. నగర పోలీసు కమిషనరేట్ రెండు మూడు జాగిలాలతో ఏడాది పాటు నడిపించి, ఫలితాలు తేల్చే పనిని ఆంధ్ర విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ విభాగానికి అప్పగించాలి. నివేదిక ఎలా వచ్చినా జనం ముందు పెట్టాలి. పని చేయలేదని తేలితే ఆపేయాలి.