చూసేవాళ్ళు లేరనే సాకు

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టుకి అంతర్ కళాశాలల పోటీలకి వెళ్ళే అవకాశం వచ్చింది. బస్సు ఛార్జీలకీ, రెండు రోజుల భోజనాలకీ డబ్బు కావాలని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాం. "ఈ ఏడు కాలేజీ పరిస్థితేం బాగా లేదమ్మా. అయినా మీ ఆట చూసేవాళ్ళెవరున్నారు? చందాలు పోగు చేసుకోండి, వెళ్ళొద్దురు గాని" అన్నారాయన. అదే వారం మగపిల్లల క్రికెట్ జట్టుకి కొత్త కిట్టు వచ్చింది. మేం చందా పుస్తకం పట్టుకుని బజార్లో కొట్టు కొట్టుకీ తిరిగాం. పది రూపాయలు చేతిలో పెట్టిన వాళ్ళున్నారు. ఆడపిల్లలకి ఆటలెందుకని సలహా ఇచ్చి పంపిన వాళ్ళూ ఉన్నారు. సగం డబ్బు కూడా పోగు కాలేదు. మేం వెళ్ళలేదు.

అప్పుడు నాకు కోపం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. నిజమే కదా, మా ఆట చూడటానికి ఎవరొస్తున్నారు అనుకున్నాను. మా కోర్టు ఆడపిల్లల హాస్టల్ వెనక, ప్రహరీ గోడ లోపల ఉండేది. సాయంత్రం ఆరింటికల్లా మేం గదుల్లో ఉండాలి. మా మ్యాచ్ ఫలానా రోజున అని నోటీసు బోర్డు మీద ఒక్కసారి కూడా కాగితం అంటించలేదు. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఆ వయసులో నాకు తట్టలేదు. ఎవరూ చూడకుండా గోడ కట్టినవాళ్ళే, చూసేవాళ్ళు లేరు కాబట్టి డబ్బివ్వం అన్నారు.

ఈ తర్కం మా ఊరి కాలేజీది మాత్రమే కాదని, ఆ తర్వాత సామాజికశాస్త్ర పరిశోధనలో పడి అమెరికా కళాశాల క్రీడల గురించి చదివినప్పుడు తెలిసింది. అక్కడ కాలేజీ ఆటలంటే చిన్న విషయం కాదు. పెద్ద విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ స్టేడియాల్లో లక్ష మంది పడతారు. టీవీ ఒప్పందాలు, టిక్కెట్లు, అభిమానుల విరాళాలు, విశ్వవిద్యాలయం ఇచ్చే నిధులు, ఇవీ ఆదాయ మార్గాలు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులందరి దగ్గరా అథ్లెటిక్స్ ఫీజు కూడా వసూలు చేస్తారు. అప్పులు చేసి అక్కడికి చదువుకి వెళ్తున్న మన పిల్లల్లో ఎంతోమంది, స్టేడియం మొహం చూడకపోయినా, ఆ ఫీజు కడుతూనే ఉన్నారు. అంత డబ్బు తిరిగే చోట కూడా ఇబ్బంది వచ్చినప్పుడు అధికారులు అడిగే ప్రశ్న మా ప్రిన్సిపాల్ గారు అడిగిందే.

1972లో వచ్చిన విద్యా సవరణల చట్టంలోని తొమ్మిదో అధికరణం, అక్కడి వాళ్ళ మాటల్లో 'టైటిల్ నైన్', కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగవివక్షని నిషేధించింది. ఆటలు కూడా దాని కిందికే వస్తాయి. అయితే చట్టం రాగానే సమానత్వం వచ్చెయ్యలేదు. 1991లో బ్రౌన్ విశ్వవిద్యాలయం ఆర్థిక ఇబ్బందుల పేరుతో నాలుగు జట్లకి నిధులు ఆపేసింది. ఆడపిల్లల వాలీబాల్, జిమ్నాస్టిక్స్. మగపిల్లల గోల్ఫ్, వాటర్‌పోలో. జట్లని రద్దు చెయ్యలేదు. కావాలంటే దాతల్ని వెతుక్కుని ఆడుకోమన్నారు. చందా పుస్తకం చేతికిచ్చారన్న మాట!

చెరి రెండు జట్లూ తీశారు కదా, ఇందులో వివక్ష ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. లెక్క చూడండి. ఆడపిల్లల జట్లు తీసెయ్యటం వల్ల మిగిలేది ఏడాదికి సుమారు 62 వేల డాలర్లు. మగపిల్లల జట్ల మీద మిగిలేది 16 వేల లోపు. పైగా అప్పటికి ఆ విద్యార్థుల్లో దాదాపు సగం మంది ఆడపిల్లలైతే, జట్లలో ఆడుతున్న వాళ్ళలో వాళ్ళు 37 శాతమే. అసమానంగా ఉన్న చోట సమానంగా కోత కోస్తే మిగిలేది అదే అసమానత్వం. దాన్ని నిష్పాక్షికత అనటం కన్నా మోసం ఏముంది?

జిమ్నాస్టిక్స్, వాలీబాల్ ఆడే అమ్మాయిలు 1992లో కోర్టుకి వెళ్ళారు. కోహెన్ వర్సెస్ బ్రౌన్ యూనివర్సిటీగా పేరుపడ్డ కేసు ఇది. ఆడపిల్లలకి ఆటలంటే మగపిల్లలకున్నంత ఆసక్తి లేదని, ఉన్న ఆసక్తికి తగినన్ని అవకాశాలు ఇస్తూనే ఉన్నామని విశ్వవిద్యాలయం వాదించింది. అప్పీలు కోర్టు 1996లో ఈ వాదనని తోసిపుచ్చింది. ఆసక్తి శూన్యంలోంచి పుట్టదని, అవకాశంతోనూ అనుభవంతోనూ పెరుగుతుందని చెప్పింది. తరతరాలుగా అవకాశం లేకుండా చేసి, ఆసక్తి లేదని చూపించి, మళ్ళీ అవకాశం నిరాకరించటం కుదరదని దీని అర్థం. 1997లో సుప్రీంకోర్టు ఈ కేసు విచారణకి తీసుకోలేదు. తీర్పు నిలిచింది.

ఆడేవాళ్ళ ఆసక్తి విషయంలో నిజమైనది చూసేవాళ్ళ ఆసక్తి విషయంలో నిజం కాకుండా ఎలా పోతుంది? అయోవా విశ్వవిద్యాలయం సంగతి చూద్దాం. అక్కడ 1970లలోనే స్త్రీల క్రీడలకి విడిగా ఒక విభాగం పెట్టారు. క్రిస్టీన్ గ్రాంట్ అనే స్త్రీ 2000 వరకూ దాన్ని నడిపింది. విడి బడ్జెట్, మంచి కోచ్‌లు, పెద్ద స్టేడియంలో ఆడే హక్కు కోసం ఆమె పోరాడుతూనే వచ్చింది. 1985 ఫిబ్రవరిలో ఆ స్టేడియంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి 22 వేల మంది వచ్చారు. అందులో పట్టేది పదిహేను వేల పై చిలుకే! 2023 అక్టోబరులో అదే విశ్వవిద్యాలయం అమ్మాయిల మ్యాచ్‌ని ఫుట్‌బాల్ స్టేడియంలో పెడితే 55 వేల మందికి పైగా చూశారు. కెయిట్లిన్ క్లార్క్ అనే ఒక్క క్రీడాకారిణి మాయ ఇదంతా అని పత్రికలు రాశాయి. ఆమె ప్రతిభని ఎవరూ కాదనరు. కానీ ఆమె పుట్టక ముందే ఆ నేల దున్నిన వాళ్ళున్నారు.

అదే అయోవాలో, కరోనా కష్టకాలంలో, 2020 ఆగస్టులో నాలుగు జట్లు రద్దు చేస్తున్నామన్నారు. అందులో ఆడపిల్లల ఈత జట్టు ఒకటి. అమ్మాయిలు ఊరుకోలేదు, కోర్టుకి వెళ్ళారు. ఆ డిసెంబరులో కోర్టు రద్దుని ఆపింది. 2021లో విశ్వవిద్యాలయం ఈత జట్టుని పునరుద్ధరించింది. ఆడపిల్లల కుస్తీ జట్టు కొత్తగా పెడతామని కూడా ప్రకటించింది. డబ్బు లేదన్న చోట డబ్బు ఎలా వచ్చింది? ఖజానా నిండటం వల్ల కాదు, అడిగేవాళ్ళు గట్టిగా అడగటం వల్ల.

ఆదరణని తొక్కిపెట్టటం ఎలా జరుగుతుందో 2021లో లోకమంతా చూసింది. జాతీయ కళాశాలల క్రీడాసంఘం నిర్వహించిన బాస్కెట్‌బాల్ పోటీల్లో మగపిల్లలకి పెద్ద వ్యాయామశాల, ఆడపిల్లలకి ఒక స్టాండులో కొన్ని డంబెల్సు పెట్టారు. ఒక క్రీడాకారిణి వీడియో తీసి చూపించాక విచారణ జరిపించక తప్పలేదు. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అన్న ప్రసిద్ధమైన పేరుని అప్పటిదాకా మగపిల్లల పోటీలకే వాడుకున్నారు. ఆడపిల్లల పోటీల ప్రసార హక్కుల్ని రెండు డజన్లకు పైగా ఇతర పోటీలతో కలిపి ఒకే మూటగా కారుచౌకగా అమ్మేశారు. విడిగా అమ్మితే ఏడాదికి 8 కోట్ల డాలర్లకు పైగా రావచ్చని ఆ విచారణే అంచనా వేసింది. సరుకుని మూటలో కట్టేసి గిరాకీ లేదంటే ఎలా? 2024లో ఆడపిల్లల ఫైనల్‌ని టీవీలో 1 కోటి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడు మగపిల్లల ఫైనల్ చూసిన వాళ్ళు 1 కోటి 50 లక్షల లోపే.

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. చూశారా, మేమూ జనాన్ని రప్పించగలం, కాబట్టి మాకూ డబ్బివ్వండి అని వాదిస్తే, మనం వాళ్ళ త్రాసుని ఒప్పుకున్నట్టే. ఈత జట్టుకి స్టేడియం ఎప్పటికీ నిండకపోవచ్చు. జిమ్నాస్టిక్స్ చూడటానికి వందమందే రావచ్చు. అంత మాత్రాన ఆ అమ్మాయిల హక్కు తగ్గిపోతుందా? అక్కడ మగపిల్లల చిన్న జట్లు కూడా ఈ త్రాసు కిందే నలిగిపోతున్నాయి. అయోవాలో రద్దయిన మగపిల్లల జిమ్నాస్టిక్స్, టెన్నిస్, ఈత జట్లు తిరిగి రాలేదు. ఆ నేరం టైటిల్ నైన్ మీద మోపే వాళ్ళున్నారు. వందమందికి పైగా ఆటగాళ్ళతో ఫుట్‌బాల్ జట్టు తినే వాటా గురించి మాత్రం మాట్లాడరు.

2025 జూన్‌లో అక్కడి కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం పాత క్రీడాకారులకి 280 కోట్ల డాలర్ల పరిహారం అందాలి. అందులో సుమారు 90 శాతం ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్ ఆడిన వాళ్ళకే వెళ్తుందని అంచనా. ఎవరికి మార్కెట్టు ఉందో వాళ్ళకే అన్నది ఆ పంపకం వెనకున్న సూత్రం. కొందరు క్రీడాకారిణులు దీని మీద కూడా అప్పీలుకి వెళ్ళారు. వెళ్ళాలి మరి. నిన్నటి వివక్షలోంచి పుట్టిన మార్కెట్టుని కొలబద్దగా పెట్టుకుంటే, రేపటి న్యాయం కూడా నిన్నటి కొలతలోనే ఉంటుంది.

అభిమానుల ప్రేమ మంచిదే. దాతల ఔదార్యమూ మంచిదే. కానీ ఇవి హక్కుకి తోడుగా ఉండాలే గాని, హక్కు స్థానంలో రాకూడదు. చందా అంటే ఇచ్చేవాడి ఇష్టం. ఇవ్వకపోతే అడగటానికి లేదు. హక్కు అలాంటిది కాదు. కష్టకాలంలో కోతలు తప్పవంటే, అందరి ఖర్చులూ బల్ల మీద పెట్టి లెక్కలు చూపించమని మనం అడగాలి. ఎవరిది ముందు కోస్తున్నారో, ఎందుకు కోస్తున్నారో చెప్పమనాలి.

మన కాలేజీల్లో ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు నేను ఒక పని చెయ్యమంటాను. మీ ఫీజు రసీదు తీసి చూడండి, గేమ్స్ ఫీజు అని ఒక పద్దు ఉందేమో. ఉంటే, ఆ డబ్బుతో మీకేం కొన్నారో, ఎవరికెంత ఖర్చు పెట్టారో ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. మైదానంలో మీకు ఏ వేళలు కేటాయించారో, మీ మ్యాచ్ నోటీసు ఎక్కడ పెట్టారో కూడా అడగండి. పాత కాగితాలు సర్దుతుంటే ఆ మధ్య నా డిగ్రీ రెండో సంవత్సరం రసీదు దొరికింది. అందులో గేమ్స్ ఫీజు ఉంది. మా జట్టులో ప్రతి అమ్మాయీ కట్టింది. ఆ రోజు మేం కొట్టు కొట్టుకీ తిరిగి చందా అడిగింది, మేం అప్పటికే కట్టేసిన డబ్బు కోసం.