గొలుసు ఎక్కడ కట్టాలి?

బాలలారా! చలికాలంలో కర్నూలు, కడప పల్లెల్లో కంపకట్టెలు నింపుకొని పోయే ట్రాక్టర్లను మీరు చూసే ఉంటారు. ఆ కంప సర్కారు తుమ్మ. 1877లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకుకూ, బొగ్గుకూ మంచి చెట్టే. కాని పైన నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది. చేను బాగుపడాలంటే మోడునే పెకలించాలి. వానలకు నేల మెత్తబడినప్పుడు ట్రాక్టరుతో లాగడం తేలిక.

మరి గొలుసు ఎక్కడ కట్టాలి? వెనుక ఇరుసుకు కడితే ప్రమాదం. మోడు కదలదు, చక్రాలు జారవు. అప్పుడు ఇంజను బలం ముందు చక్రాలను పైకి లేపుతుంది. రెండు మూడు క్షణాల్లో ట్రాక్టరు డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడుతుంది. ఇరుసు కంటే కిందనున్న డ్రాబారుకు కడితే, ముందుభాగం లేచేకొద్దీ డ్రాబారు నేల వైపు దిగుతుంది, తిరగదోసే బలం తగ్గుతుంది. మీ పాఠంలోని బల భ్రామకం ఇదే.

ట్రాక్టరు నడపడం నేర్పేవారు ఈ సంగతిని కూడా తప్పక నేర్పాలని నా అభిప్రాయం. అందాకా ఆ పని మీరే చేయండి. “గొలుసు కింద కట్టు నాయనా!” అని చెప్పి, దూరంగా నిలబడండి. తెగిన గొలుసు కొరడాలా కొడుతుంది.