నిప్పులమీఁది వంటకు ఛాయాపటము



వంట యొక విద్య, వడ్డన మఱియొక విద్య యని పెద్దలనిరి. ఇప్పుడు వండినదానికి ఛాయాపటము తీయుట మూఁడవ విద్యయై మన యిండ్లలోనికి వచ్చినది. చేతనుండు ఫోనులోనే కెమెరా యుండుటచేత, పండుగనాఁడు బూరెలు నూనెలోనుండి పైకి రాకముందే వాని పటములు దేశాంతరములకుఁ జేరుచున్నవి. ఇది పనిలేనివారి వేడుక యని కొందఱు విసుగుకొందురు. నేనట్లు తలంపను. అయినను, ఎందులకు తీయుచున్నామో యెఱుఁగక తీసిన పటము కంటికెంత నిండుగ నున్నను ఎవ్వరికిని ఉపకరింపదు. ఈ మాసమున అన్నింటిలోను కష్టమైన పటమును గూర్చి, అనఁగా నిప్పులమీఁద కాలుచున్న వంటకు తీయు పటమును గూర్చి, వ్రాసెదను. జపానువారి కాల్పువంటల హోటళ్ళలో తీయు ఇట్టి పటములు నేఁడు లోకమంతట ప్రసిద్ధములు. కరీంనగరపు బాటప్రక్క మక్కకంకుల కుంపటికడ మనమును ఈ విద్య నభ్యసింపవచ్చును.

భారతములోని నలోపాఖ్యానము మీకందఱకు తెలిసినదే. ఋతుపర్ణుని సారథియై వచ్చిన బాహుకుఁడు నలుఁడగునో కాఁడో తెలిసికొనుటకు దమయంతి ముందుగ కేశినిని పంపెను. కేశిని తాను కన్నులారఁ జూచిన వింతలన్నియు వచ్చి చెప్పెను. అతఁడు చూచినంతనే వట్టి కడవలు నీటితో నిండినవట. గడ్డిపరకల నెండకుఁ జూపఁగనే నిప్పు రాఁజినదట. ఇంత విన్నను దమయంతి అంతటితో ఆగలేదు. అతఁడు వండిన మాంసమును తెప్పించి, రుచి చూచి, అప్పుడు నలుఁడని నిశ్చయించుకొనెను.

మన ఫోను కేశినివంటిది. చూచినది చెప్పును, నాలుక చెప్పవలసినది దానికి తెలియదు. కనుక పటముచేత రుచిని చెప్పింపవలెనని పెనఁగులాడక, కంటికి అందు సంగతులనే చెప్పింపవలెను. నిప్పు ఎంత యున్నది, గింజ ఎంత కాలినది, పిండి ఎంత పలుచగ నొత్తిరి, చేయి ఎట్లు తిరిగినది — ఇవి మాటలలో చెప్పుటకు కష్టములు, పటములో చూపుటకు సులభములు. అలంకరించిన పళ్ళెముకంటె, సగము కాలిన కంకి యెక్కువ చెప్పునని నా అభిప్రాయము.

ఈ కళ మనకు పరాయిది కాదు, వంటయింటికి ఋణపడినది. ఇంగ్లండులో టాల్బటు అను విద్వాంసుఁడు 1844 మొదలు 1846 వఱకు భాగభాగములుగఁ బ్రకటించిన గ్రంథములో బుట్టల నిండ పండ్లు పేర్చిన పటమొకటి కలదు. 1850లో ఫ్రాన్సు దేశస్థుఁడొకఁడు పటములు ముద్రించు కాగితమునకు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి నునుపు తెచ్చు పద్ధతిని ప్రకటించెను. 1907లో ల్యుమియేరు సోదరులు అమ్మకమునకుఁ దెచ్చిన రంగుపటముల గాజుపలకలపై నుండినది రంగులద్దిన బంగాళాదుంప పిండియే. మన హైదరాబాదులో ఆఱవ నిజాము కొలువున ఛాయాచిత్రకారుఁడైన రాజా దీన్‌దయాళు 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతఁ బెట్టెను. నాఁడు స్త్రీలు పటమునకుఁ గూర్చుండుటకే తెరలు కావలసియుండెను. నేఁడు కెమెరాయే వారి చేతిలోనున్నది.

ఇఁక జపానువారి పద్ధతి వినుఁడు. యాకితోరి యనఁగా కోడిమాంసపు ముక్కలను వెదురుపుల్లలకు గ్రుచ్చి బొగ్గులపైఁ గాల్చుట. రొబతయాకి యను మఱియొక విధమున వంటవాఁడు భోక్తల యెదుటనే నిప్పులముందు కూర్చుండి, కాల్చినదానిని పొడవైన కఱ్ఱతెడ్డుపై నుంచి అందించును. మాంసమే కాదు, చేపలు, వంకాయలు, పుట్టగొడుగులు, మక్కకంకులును కాల్తురు. వారు మెచ్చు బొగ్గు బించొతాన్ అనునది. గట్టిజాతి చెట్టు కొమ్మలనుండి చేసిన యీ బొగ్గును ఒకదానితో నొకటి తాఁకించిన లోహమువలె ఖంగుమనును. పొగ, మంట తక్కువగ నుండి చాలసేపు నిలుకడగ వేఁడినిచ్చును. షిచిరిన్ అను వారి మట్టిపొయ్యి మన కుంపటికి చెల్లెలు. దానిని విసరుటకు వారికిని వెదురు విసనకఱ్ఱయే.

ఉత్తరజపానులో సప్పొరో నగరమున ఒదొరి యను ఉద్యానము కలదు. అక్కడి బండ్లలో మక్కకంకులు కాల్చి, సోయాగింజలు పులియఁబెట్టి తీసిన రసమును పూసి అమ్ముదురు. మనవద్ద వానకాలమున కంకి కాల్చి, నిమ్మచెక్కను ఉప్పుకారములో నద్ది రుద్దుదురు. కంకి యొకటే, నిప్పు ఒకటే. పూఁత మాత్రము వేఱు. కాఁబట్టి అక్కడి పటములకు పనికివచ్చిన యుపాయములు ఇక్కడను పనికివచ్చును. నాకు ఫలించిన వానిని చెప్పెదను.

మొదటిది పొగను పట్టుట. ఉదయము కిటికీనుండి పడు ఎండలో ధూళికణములు మెఱయుట చూచియుందురు. వెలుఁగు మన వెనుకనుండి వచ్చిన పొగ కనఁబడదు. వస్తువు వెనుకనుండిగాని ప్రక్కనుండిగాని వచ్చిన, వెండితీఁగెవలె కనఁబడును. దానికి వెనుక నల్లని తెర కావలెను. మా యింట నల్లగొంగడిని దండెముపై వ్రేలాడదీసెదము. జపానువారి పట్టుతెరలకు అది యేమాత్రము తీసిపోదు. నిప్పురవ్వ యెగిరినను అందనంత దూరమున కట్టుఁడు.

రెండవది నిప్పు ఎఱుపును కాపాడుట. చీఁకటి యెక్కువైనపుడు ఫోను తనంతట తాను వెలుఁగు పెంచును. అంతట నిప్పుకణిక తెల్లని మచ్చయై పోవును. తెరమీఁద నిప్పున్నచోట వ్రేలితో తాఁకుఁడు. ప్రక్కన సూర్యునివంటి గుఱుతు వచ్చిన, దానిని క్రిందికి జరుపుఁడు. కణిక నారింజరంగునకు వచ్చినచోట నిలుపుఁడు. చుట్టును చీఁకటియైనను చింతలేదు. నిప్పువంటకు చీఁకటియే శోభ.

మూఁడవది వెలుఁగులను కలగాపులగము చేయకుండుట. గొట్టపుదీపము క్రింద వంకాయ శవమువలె నుండును. దానిని ఆర్పివేసి, సందెవేళ ఆకసమునుండి వచ్చు నీలికాంతిని, నిప్పుల యెఱుపును మాత్రమే యుంచుఁడు. ఈ రెండును కలిసిన ఆ పావుగంట బహు సుందరము.

నాల్గవది రవ్వలను గీఁతలుగ మార్చుట. ఫోనును గోడకో పీఁటకో ఆనించి, రాత్రిపటములకై యున్న యేర్పాటుతో రెండుమూఁడు క్షణములు కదలనీయక తీయుఁడు. అప్పుడు ఒకరు విసనకఱ్ఱ విసరిన, ఎగిరిన ప్రతి రవ్వయు బంగారుగీఁత యగును; విసరు చేయి పొగమంచువలె చెదరును; కదలని కంకి మాత్రము స్ఫుటముగ నిలుచును. పిల్లలకు దీనికంటె వినోదము లేదు. వారిని మాత్రము కుంపటికి దూరముగ నిలుపుఁడు.

ఐదవది అన్నింటిలోను ముఖ్యము. ఫోను నున్నచోటనే యుంచి పచ్చికంకిని, సగము కాలినదానిని, పూర్తిగ కాలినదానిని మూఁడుసార్లు తీయుఁడు. ఆహారములోని చక్కెరలును, మాంసకృత్తుల భాగములును వేఁడికి కలిసి గోధుమవన్నెను, కమ్మని వాసనను పుట్టించునని ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త మెయ్యారు 1912లో చెప్పెను. ఆ వన్నె దాఁటిన మిగులునది మసియు చేఁదునే. ఎక్కడ ఆపవలెనో మూఁడు పటములు ప్రక్కప్రక్కన నుంచిన చిన్నపిల్లకును తెలియును.

ఇక్కడ నొక హెచ్చరిక చేయక తప్పదు. చీఁకటి కావలెనని తలుపులు, కిటికీలు బిగించి గదిలో కుంపటి పెట్టరాదు. బొగ్గులనుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తెలియకుండనే తల తిప్పి, స్పృహ తప్పించి, ప్రాణము తీయును. పొగ రాని బొగ్గైనను ఈ యపాయము తప్పదు. వాకిటనో, అన్నివైపుల గాలి యాడు పంచలోనో పెట్టుఁడు. రామగుండము, మంచిర్యాల ప్రాంతముల సోదరీమణులకు మఱియొక మాట: గనినుండి వచ్చు నేలబొగ్గుపై తినుపదార్థములను నేరుగఁ గాల్పరాదు, కట్టెబొగ్గే వాడుఁడు.

పటముకొఱకు అబద్ధమాడుటను గూర్చియు చెప్పవలెను. అమెరికాలో క్యాంబెల్ అను సూపుల సంస్థవారి ప్రకటనలలో, కూరముక్కలు పైకి తేలి చిక్కగఁ గనఁబడుటకై గిన్నె యడుగున గాజుగోళీలు వేసిరి. ప్రభుత్వసంఘము ఆక్షేపింపఁగా, 1970లో ఆ సంస్థ యిట్టివి మానుటకు సమ్మతించినది. పాలకు బదులు తెల్లని జిగురు, మంచుబిందువులకు బదులు గ్లిసరిను వాడుటయు ప్రకటనలు తీయువారిలో నున్నదే.

పోలికబొమ్మ చేయుట మాత్రము మోసము కాదు. జపానులో ఇవాసాకి తకిజో అను నతఁడు 1932లో ఒసాకాలో మైనముతో భోజనపదార్థముల నమూనాలు చేయు వ్యాపారమారంభించెను. హోటలు ముందర అద్దములో వానిని చూచి, కావలసినది కోరుకొందురు. మన నిర్మలలో నకాషీ పనివారు పొనికికఱ్ఱ చెక్కి, చింతగింజల పిండి పూసి, రంగులువేసి చేయు పండ్లను, కాయలను చూచి చేయి చాఁపని బిడ్డ కలదా? అది బొమ్మయని చెప్పి అమ్మెదరు. కావున అది కళ. తినునదియని చెప్పి గోళీలు చూపిన, అది వంచన. మన యింటి పటములో మాడినయంచు కనఁబడిన కనఁబడనిండు.

ఇంత యేల చెప్పితినన, కారణమొకటి కలదు. సర్వపిండి చేయుటలో మా అత్తగారు మా వాడయంతటికి పేరుపడినవారు. బియ్యపుపిండిలో నువ్వులు, నానిన సెనగపప్పు, కారము, కరివేపాకు కలిపి, సర్వ లోపలివైపున పలుచగ నొత్తి, వ్రేలితో తూట్లు పొడిచి, ఆ తూట్లలో నూనె పోసి, సన్నని సెగమీఁద సర్వను త్రిప్పుచు కాల్చెడివారు. ఒకటి తీసినపిమ్మట సర్వను నీటితోఁ జల్లార్చిగాని రెండవది యొత్తెడివారు కారు. వారు స్వర్గస్థులై ఏండ్లైనది. మాకడ వారి పటమొకటి కలదు: పెండ్లినాఁటిది, పట్టుచీరతో, ముత్యాలదండతో. ఆ పటములో వారి చేతులు కొంగుచాటున నున్నవి. పిండి యెంత మెత్తగఁ గలిపెడివారో, తూటునకు తూటునకు ఎంత యెడమిచ్చెడివారో మా ఆఁడుబిడ్డ యొక విధముగ, నేనొక విధముగ చెప్పుకొందుము. సర్వ యున్నది, సాక్ష్యము లేదు.

మన యిండ్లలోని కొలఁతలు గ్రంథములలో లేవు. అవి చేతులలో నున్నవి, చేతులతోనే పోవుచున్నవి. ఆదిలాబాదు మండలమున ఉట్నూరు పరిసరముల ఆదివాసిస్త్రీలు వేసవి యారంభమున తెల్లవాఱకముందే రాలిన ఇప్పపూల నేఱి, యెండఁబెట్టి, వేయించి, బెల్లముతో లడ్డులు కట్టుదురు. పువ్వు ఎంతవఱకు వేఁగవలెనో వారి కన్నెఱుఁగును. 1940 తరువాత హైమన్‌డార్ఫు అను పండితుఁడు మార్లవాయిలో నివసించి గోండుల జీవనమును ఛాయాపటములలో భద్రపఱచెను. అవి నేఁటికిని లండనులో నున్నవి. పరదేశి వచ్చి తీసినవి నిలిచినవి. మన చేతిలో కెమెరా యుండఁగా మన తల్లుల పని నిలువకుండుట న్యాయమా?

కావున నా విన్నపమిది. ఈ మాసమున ఇంటిలోని పెద్దవారు చేయు వంటకమొకటి యెన్నుకొనుఁడు. ముఖము తీయనిండని మొగమాటపడిన, చేతులను మాత్రము తీయుఁడు. కలిపినపుడొకటి, నిప్పులమీఁద నున్నపుడొకటి, దించినపుడొకటి చాలును. మూఁత తీసినంతనే తీయకుఁడు; ఆవిరి తగిలి అద్దము మసకఁబడును; రెండు నిమిషములు తాళుఁడు. ప్రతి పటము క్రింద కొలఁత, సెగ, పట్టిన సమయము వ్రాయుఁడు. మెట్టినింటనున్న కూఁతురికి పళ్ళెపు పటముతోపాటు వీనిని కూడ పంపుఁడు. బాటప్రక్క కంకులు కాల్చు అమ్మ పటము తీయఁదలఁచిన, ముందుగ కంకి కొని, “అక్కా, తీయవచ్చునా?” యని యడిగి, ఆమె సరేయన్న తరువాతనే తీయుఁడు.

మూఁడు పటములు తీయుటకు వంట చల్లాఱునంత కాలము పట్టనక్కఱలేదు. తీసి, ఫోను ప్రక్కనుంచి, వేఁడిగ నున్నపుడే పిల్లలకు వడ్డింపుఁడు.