వీపును కొలుచు యంత్రమునకు భాష వినబడునా?

పాఠశాలలో బాలుడు వంగి కూర్చున్నాడా, నిటారుగా కూర్చున్నాడా, పాఠము వినుచున్నాడా, పరధ్యానమున నున్నాడా యని కనిపెట్టు యంత్రములు నేడు అంగడికి వచ్చియున్నవి. ఆసుపత్రిలో రోగి మంచము దిగబోవుచున్నాడని ముందుగా హెచ్చరించు యంత్రములును వచ్చినవి. వీనిని అమ్మువారు తమ సరకునకు ‘మానవ కేంద్రిత సాంకేతికము’ అని పేరు పెట్టుకొనుచున్నారు. పేరు ఇంపుగనే యున్నది. కాని ఆ మానవుడెవరు? అతడే భాష మాట్లాడును? అతని సమ్మతిని ఎవరు, ఏ భాషలో అడిగిరి? ఈ ప్రశ్నలకు ఆ పేరులో సమాధానము లేదు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఈ ప్రశ్నలను అందరికంటె ముందుగా అడుగవలసియున్నది. ఏలయన, ఈ కొలతలు తప్పినచో ఆ తప్పు మొదట మన పిల్లల ఖాతాలోనే పడును.

ఇది ఊహించి వ్రాసిన భయము కాదు. 2018లో చైనా దేశమునందలి హాంగ్‌జౌ నగరపు 11వ మాధ్యమిక పాఠశాలలో నల్లబల్లపైన కెమేరాలు అమర్చిరి. అవి ప్రతి 30 సెకండ్లకు ఒకమారు గదిని పరికించి, చదువుట, వ్రాయుట, వినుట, చేయెత్తుట, లేచి నిలుచుట, బల్లపై వాలుట అను ఆరు చేష్టలను లెక్కించెను. ముఖమున సంతోషమున్నదా, కోపమున్నదా, భయమున్నదా యనియు నిర్ణయింపజూచెను. 2019లో అదే రాష్ట్రములోని జిన్‌హువాలో ఒక ప్రాథమిక పాఠశాలవారు మెదడు తరంగములను కొలుచు పట్టీలను పసిపిల్లల తలలకు కట్టిరి. ప్రజలలో నిరసన చెలరేగగా విద్యాధికారులు ఆ యేడే దానిని నిలిపివేయించిరి.

ముఖము చూచి మనసు చెప్పవచ్చునను మాటకు శాస్త్రబలమెంత? లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మొదలగు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమున వెలువడిన పరిశోధనలను విస్తారముగా పరిశీలించి, కేవలము ముఖకవళికలనుబట్టి లోని భావమును నమ్మదగినట్లుగా నిర్ణయింపజాలమని 2019లో ప్రకటించిరి. ఇక మన పిల్లల సంగతి యోచింపుడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము లేక కన్నడము, పుస్తకమున ఆంగ్లము, ఇట్లు మూడు భాషల నడుమ నలిగెడి ఏడేండ్ల బాలిక పాఠము నడుమ కిటికీవైపు చూచినదనుకొందము. యంత్రము దానిని పరధ్యానమని వ్రాసికొనును. పంతులుగారి మాటలోని ఒక పదము ఆమెకు తెలియలేదనియు, దానిని తన భాషలోనికి మార్చుకొనుచు ఒక క్షణము ఆగినదనియు యంత్రమునకెట్లు తెలియును? చూపు కొలతకు అందినది, కారణము అందలేదు. ఆ కొలతయే సంవత్సరాంతమున తల్లిదండ్రుల చేతికి వచ్చినప్పుడు, ‘మీ పిల్లకు శ్రద్ధ లేదు’ అను తీర్పుగా మారును. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, తెలియని భాషలో బోధించి, తెలియలేదని పిల్లను నిందించుట న్యాయమా?

‘వంగి కూర్చున్న పిల్లలకు వెన్నునొప్పి వచ్చును గదా, హెచ్చరించు యంత్రమును కాదనుట మూఢత్వము గదా’ అని కొందరు వాదింతురు. మంచిది. పిల్లల వెన్నుమీద అంత దయయున్నచో మొదట వారి వీపుమీది సంచి బరువు తగ్గింపుడు. చదువు భారము తగ్గింపవలెనని ఆచార్య యశ్‌పాల్ గారి సంఘము 1993లోనే ప్రభుత్వమునకు నివేదించినది. పుస్తకముల సంచి బరువు పిల్లవాని బరువులో పదవ వంతు మించరాదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానము చెప్పుచున్నది. దానిని పరీక్షించుటకు ఏ కెమేరాయు అక్కరలేదు. పచారి కొట్టులోని తక్కెడ చాలును. పిదప బల్లలను చూడుడు. మొదటి తరగతివానికిని ఏడవ తరగతివానికిని ఒకే కొలత బల్ల వేసినచో ఒకడు వ్రేలాడును, ఒకడు వంగును. లంబకోణమున బిగుసుకొని కూర్చుండుట మానవ శరీరమునకు సహజము కాదని డెన్మార్కు శస్త్రవైద్యుడు మాండాల్ గత శతాబ్దముననే వాదించి, వాలుబల్లలను సూచించెను. బల్లను సరిచేయక వీపునకు కావలి పెట్టుట, చెప్పునకు తగినట్లు కాలు కోసికొనుట వంటిది.

మేము యంత్ర ద్వేషులము కాము. మానవుని కేంద్రముగా పెట్టుకొన్న సాధనము ఎట్లుండునో వైద్యరంగమే చూపినది. శస్త్రచికిత్సలో పొరపాట్లు తగ్గించుటకై 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశముల పట్టికను ఒక కాగితముపై ప్రకటించినది. మత్తు ఇచ్చుటకు ముందు రోగి పేరు, చేయబోవు చికిత్స, చేయవలసిన చోటు, సమ్మతి, ఇవన్నియు రోగితోనే నిర్ధారించుకొనవలెనని అందు మొదటి అంశము. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో పరీక్షింపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి, ఉపద్రవములు నూటికి 11 నుండి 7కు తగ్గినట్లు 2009లో వెల్లడియైనది. అదే పట్టికను కెనడాలోని ఒంటారియో ఆసుపత్రులన్నిట ఆజ్ఞాపూర్వకముగా ప్రవేశపెట్టి చూడగా, చెప్పదగిన తగ్గుదల కనబడలేదని 2014లో మరియొక పరిశీలన తెలిపినది. కాగితము ఒక్కటే. దానిని చేతబట్టిన మనుష్యులు ఎంత మనసుపెట్టి అడిగిరి, ఎంత శ్రద్ధగా వినిరి అనుటయందే ఫలము ఆధారపడియున్నదని మా అభిప్రాయము. రోగికి తెలియని భాషలో పేరడిగి, తల యూపినంతనే గుర్తు వేసికొనినచో ఆ అంశము పూర్తియైనట్లా?

కొలతలో ఎవరిని లెక్కించిరి అనుటకు మరియొక నిదర్శనము కలదు. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరు కోవిడ్ కాలమున మన ఇండ్లకును వచ్చినది. జపాను దేశీయుడు తకువో అయోయాగి 1970వ దశకమున కనిపెట్టిన ఈ సాధనము లక్షల ప్రాణములు కాపాడినది, సందేహము లేదు. అయినను, నల్లజాతి రోగులలో ప్రాణవాయువు తగ్గినను ఆ సాధనము పసిగట్టలేకపోవుట తెల్లవారిలోకంటె దాదాపు మూడింతలుగా నున్నదని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు వెల్లడించిరి. చర్మపు రంగు వెలుగును మార్చుననునంతటి చిన్న సంగతియే దశాబ్దములపాటు ఎవరికిని పట్టకపోయినది. రంగు విషయముననే ఇట్లయినచో, భాష విషయమున యంత్రములు తప్పవని హామీ ఇచ్చువారెవరు?

ఇక చట్టము సంగతి. స్వీడన్ దేశమున ఒక పాఠశాల 22 మంది విద్యార్థుల హాజరును మూడు వారములపాటు ముఖములు గుర్తించు కెమేరాతో తీసికొన్నందుకు 2019లో రెండు లక్షల క్రోనారుల జరిమానా పడినది. తల్లిదండ్రులు ఒప్పుకొనిరని పాఠశాల చెప్పగా, పాఠశాల ముందు విద్యార్థి స్వతంత్రుడు కాడు గనుక ఆ ఒప్పుదల చెల్లదని అధికారులు తీర్పు చెప్పిరి. యూరోపు సమాఖ్యలో పాఠశాలలయందును పనిచోటులయందును మనోభావములను పసిగట్టు యంత్రములు, వైద్య రక్షణ కారణములకు దప్ప, 2025 ఫిబ్రవరి 2 నుండి నిషిద్ధములు. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల ప్రవర్తనపై నిఘా కూడదని చెప్పినది. కాని 2025 నవంబరులో ప్రకటించిన నియమములు విద్యాకార్యముల పేరునను, పిల్లల భద్రత పేరునను విద్యాసంస్థలకు మినహాయింపు నిచ్చినవి. ముందు తలుపునకు గడియ వేసి పెరటి తలుపు తీసియుంచినట్లున్నది!

అయితే అదే చట్టమున మనకు అక్కరకు వచ్చు ఒక మాట కలదు. సమ్మతి కోరు ప్రకటనను ఆంగ్లమున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధమునందలి ఏ భాషయందైన గాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగు ఆ భాషలలోనిది. చెన్నపట్టణమున నున్నను, బెంగుళూరున నున్నను, బరంపురమున నున్నను, షోలాపురమున నున్నను ఈ హక్కు మనదే. యానాములో తెలుగే జనుల భాష గనుక అచ్చటి సోదరుల స్థితి వేరు. అయినను ఆంగ్ల పత్రముపై కన్నుమూసి సంతకము పెట్టు అలవాటు అచ్చట మాత్రము లేదా? ఈ చట్టమునందలి ముఖ్య భాగములు నియమములు వెలువడిన 18 నెలలకు అమలులోనికి రావలసియున్నవి. ఆ దినము వచ్చునందాక చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు.

అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సదుపాయములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడినది. ఆ సదుపాయము ఎన్ని బడులలో కలదో, ఎన్నిట మూతపడినదో మన సంఘ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు పంతులు నియామకమునకు డబ్బు లేదను బడి, పిల్లల వీపులను కాచు కెమేరాకు డబ్బు తెచ్చినచో, దాని కేంద్రమున నున్నది మానవుడు కాడని తెలిసికొనుడు.

కావున సోదర సోదరీమణులారా! మీ పిల్లల బడిలో ఇట్టి యంత్రము పెట్టుచున్నారని వినినచో నాలుగు ప్రశ్నలు వ్రాతమూలకముగా అడుగుడు. ఏమి కొలుచుదురు? ఎన్నాళ్లు దాచుదురు? ఎవరికి చూపుదురు? తప్పు కొలిచినచో దిద్దువారెవరు? జవాబు తెలుగున ఇమ్మని కోరుడు. ఆసుపత్రిలో సమ్మతి పత్రము ఇచ్చినప్పుడు, తెలుగులో చదివి వినిపించిన పిమ్మటనే సంతకము చేయుడు. పక్క ఇంటి ముసలమ్మకు తోడుగా వెళ్లి, ఆమెకు అర్థమగునట్లు చెప్పుడు. రాష్ట్రభాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను. అందు భేదాభిప్రాయము లేదు. కాని అర్థము కాని మాటకు తల యూపుట ఏ భాషయందును విద్య కాదు, వైద్యము కాదు. అర్థమైనదా యని మన మాటలో అడుగు మనిషిని మొదట నియమింపుడు. యంత్రమును పిదప కొనవచ్చును.