ఎవరికి మేలు జరిగింది?

ప్రైవేటు బడికి పంపితే పిల్లల చదువు బాగుపడుతుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఒక ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అయిదు జిల్లాల్లో 180 ఊళ్లు తీసుకున్నారు. సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఏ ఊళ్లకు ఇవ్వాలో ముందు లాటరీ తీశారు. ఆ ఊళ్లలో ఏ పిల్లలకు ఇవ్వాలో మళ్లీ లాటరీ. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్ పరీక్షల్లో లాటరీ తగిలినవాళ్లకూ తగలనివాళ్లకూ సగటున తేడా తేలలేదు. సర్కారు బడులు చెప్పని హిందీలో మాత్రం వోచరు పిల్లలు చాలా ముందున్నారు.

సగటున తేడా లేదంటే ఎవరికీ తేడా లేదని కాదు. మరి ప్రైవేటు బడుల్లో తెలుగు మీడియంలో చేరినవాళ్లనూ, ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లనూ విడదీసి మార్కులు పోలిస్తే సరిపోదా? సరిపోదు. వోచరు లాటరీ ఇచ్చింది గానీ, మీడియం తల్లిదండ్రులు ఎంచుకున్నారు. ఇంగ్లిష్ మీడియానికి పంపిన ఇంట్లో చదువుకున్న అమ్మ ఉండొచ్చు, ట్యూషన్ పెట్టించే స్తోమత ఉండొచ్చు. అప్పుడా మార్కుల్లో మీడియం వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో చెప్పలేం. అందుకే పరిశోధకులు చుట్టుపక్కల ఏ మీడియం బడులు ముందునుంచీ అందుబాటులో ఉన్నాయన్నదాన్ని ఆధారం చేసుకున్నారు. మీడియం మారని, అంటే తెలుగులోనే కొనసాగిన పిల్లలకు ప్రైవేటు బడి ఎక్కువ మేలు చేసి ఉండొచ్చని తేలింది. దాన్ని వాళ్లు సూచనగానే చెప్పారు, తీర్పుగా కాదు. ఆ నిగ్రహం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

ఇలా వర్గాలుగా విడదీసి చూడటంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఏదైనా పథకం గురించి ‘బాలికల్లో ఫలితం కనిపించింది, బాలురలో కనిపించలేదు’ అని రాసేసి, అది బాలికలకే పనికొచ్చిందని తేల్చేయడం పెద్ద పొరపాటు. ఆ రెండు ఫలితాల మధ్య తేడానే నేరుగా పరీక్షించాలి. పథకం మొత్తం ప్రభావాన్ని పట్టుకోవడానికి సరిపోయే పిల్లల సంఖ్య, రెండు సమాన వర్గాల మధ్య అంతే తేడాను పట్టుకోవడానికి చాలదు. నాలుగింతలు కావాలి. పైగా కులం, ఆదాయం, ఊరు, తరగతి అంటూ ఇరవై రకాలుగా ముక్కలు చేస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా, యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం అయిదు శాతంలోపు ఉంటేనే ఫలితంగా లెక్కించే గీటురాయి మీద సగటున ఒక ముక్కలో ‘ఫలితం’ కనిపిస్తుంది.

మీడియం మార్పు మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లల చదువు ఆధారపడి ఉంది. ఏ వర్గాల ఫలితాలను విడిగా చూస్తారో విద్యాశాఖలు పథకం మొదలుపెట్టకముందే రాసి ప్రకటించాలి. లెక్కలు వచ్చాక, అనుకూలించినా అనుకూలించకపోయినా, అన్నింటినీ బయటపెట్టాలి.