టైరు సైజు చెప్పాల్సింది దుకాణంవాడు కాదు



"పాత టైర్లు అరిగాయి, ఒక సైజు పెద్దవి వేయించుకుంటే ఏం పోతుంది? బండి దిట్టంగా కనిపిస్తుంది" అని మన గ్రూపులో నాలుగు రోజులుగా వాదన నడుస్తోంది. ఏం పోతుందో లెక్కతోనే చెబుతాను. కొంచెం పొడవు, ఓపిక పట్టండి.

2018లో వచ్చిన స్విఫ్ట్‌నే తీసుకోండి, మనలో చాలామందికి ఉంది. తక్కువ ధర బండికి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. ఎక్కువ ధర బండికి 185/65 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది. చివరిది రిమ్ము, అంగుళాల్లో. 185లో 65 శాతం అంటే 120. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రిమ్ము 381. మొత్తం చక్రం ఎత్తు సుమారు 621. పద్నాలుగు అంగుళాల దానికీ కట్టి చూడండి, 620 దగ్గరే వస్తుంది. రిమ్ము మారినా చక్రం ఎత్తు మారలేదు!

కంపెనీ ఇంజనీర్లు అంత జాగ్రత్తగా కుదిర్చిన కొలతను, దుకాణం కుర్రాడు "205 వేయించండి సార్, స్టాకుంది" అనగానే మనం వదిలేస్తున్నాం. 205/65 ఆర్15 అంటే చక్రం 647కి పోతుంది, నాలుగు శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తూనే బండి మునుపటికంటే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. కిలోమీటర్ల లెక్క తక్కువ పడుతుంది, అప్పుడు మైలేజీ పడిపోయిందని మెకానిక్‌తో గొడవకు దిగుతాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే, లేదా వెనక ముగ్గురు కూర్చుంటే, టైరు లోపల రాసుకునే అవకాశం ఉంది. పట్టుచీరకు పది కొట్లు తిరిగే మనం ప్రాణాలు మోసే టైరుకు పది నిమిషాలు కేటాయించం.

ఇంకో వర్గం మన కుర్రకారుది. పదిహేను అంగుళాల రిమ్ములు తీసేసి పదిహేడు అంగుళాల అల్లాయ్‌లు, 205/45 ఆర్17 టైర్లు. "అంకుల్, చక్రం 616 వస్తోంది, లెక్క కుదిరింది కదా" అంటారు. కుదిరింది నాయనా. కాని పక్కగోడ 120 నుంచి 92కి దిగింది కదా! గుంతలో పడినప్పుడు దెబ్బ తినాల్సింది ఆ గోడా, అందులోని గాలీ. అవి తగ్గితే దెబ్బ రిమ్ముకే తగులుతుంది. వడ్ల లారీలు తిరిగి తిరిగి నలిగిన సింధనూరు రోడ్డు మీద ఆ అల్లాయ్ ఎన్నాళ్లు గుండ్రంగా ఉంటుందో నాకైతే నమ్మకం లేదు.

అసలు ఎవరూ చూడనిది సైజు పక్కనుండే ఇంకో అంకె. 88 అని ఉంటే ఆ టైరు మోయగలిగింది 560 కిలోలు. 84 అంటే 500 మాత్రమే. ఆ 205/45 ఆర్17 మామూలు రకంలో 84 తోనే వస్తుంది. ఎక్స్‌ఎల్ అని రాసినదైతే 88 ఉంటుంది, కాని అంత బరువు మోయాలంటే దానికి గాలి ఎక్కువ పట్టాలి. రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. వ్యాగన్ మీద మోయగలిగే బరువు రాసి ఉంటుంది, దాన్ని చూడకుండా లోడు రాసుకోం. కారులో మాత్రం అయిదుగురు ఎక్కి, డిక్కీ నింపి, మే నెల ఎండలో హైదరాబాదుకు బయలుదేరుతాం. వేడి రోడ్డు, ఎక్కువ బరువు, తక్కువ గాలి, ఈ మూడూ కలిస్తే టైరు పగలడానికి మేకు అక్కర్లేదు.

కొలత సంగతి రాయచూరువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు నిజానికి. 1871లో బొంబాయి వైపు నుంచి ఒక కంపెనీ పట్టాలు, మద్రాసు వైపు నుంచి ఇంకో కంపెనీ పట్టాలు కలిసింది మన ఊళ్లోనే. ఇద్దరూ ఒకే వెడల్పు వేశారు కాబట్టే కలిశాయి.

పెద్దది వేయకూడదని నేననను. మీ బండికే, పై మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజైతే, దానికి తగిన రిమ్ముతో సహా నిశ్చింతగా వేయించండి. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి మాత్రం వద్దు. స్టెప్నీనీ మరవకండి.

డ్రైవరు తలుపు తీస్తే చాలా కార్లలో అంచున గానీ స్తంభం మీద గానీ చీటీ ఉంటుంది. టైరు సైజు, గాలి ఎంతో అందులోనే ఉంటాయి. దాని ఫోటో, ఇప్పుడున్న టైరు ఫోటో రెండూ గ్రూపులో పెట్టండి. ఆదివారం కూర్చుని అందరికీ లెక్క కట్టి చెబుతాను. దుకాణానికి ఆ తర్వాత వెళ్దురు గాని.