సెలవుల నాటిక, ఆ తరువాత?

ఎండాకాలపు వి.బి.ఎస్.లో దావీదు వేషము కట్టిన ఆదిలాబాదు అబ్బాయి ఒకడు నాటకమే చదువుతానని మా యొద్దకు వచ్చాడు. "అది బువ్వ పెడ్తదా అయ్యగారూ?" అని వాళ్ల అమ్మ అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఢిల్లీలో 1959లో పెట్టిన జాతీయ నాటక పాఠశాలకు డిగ్రీ కావాలి, కనీసం 6 నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ కావాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో రంగస్థల కళల పి.జి.కీ డిగ్రీ ఉండాల్సిందే.

కాబట్టి బాబూ, ముందు డిగ్రీ. ఆ మూడేళ్లలోనే నాటకాలు వెయ్యి. మైకు లేకుండా వెనుక వరుసకు వినబడేలా పాడు. మన కరీంనగరు వైపు చిందు యక్షగానము వారు పాడుతూ, ఆడుతూ, మాట్లాడుతూ ఊపిరి ఎక్కడ దాచుకుంటారో వెళ్లి చూడు. వారు నేర్చినది సెలవుల శిబిరములో కాదు, తల్లిదండ్రుల వెంట ఊరూరా తిరిగి.

డిగ్రీ ఫీజుకు ఆ తల్లి అప్పుడే ఒప్పుకొన్నది. నాటకానికి ఇంకా ఒప్పుకోలేదు.